ఐమూల గుడ్డ

మా వీధిలోనే అళగిరి అనే పేరున్నవాళ్ళు నలుగురు ఉండేవాళ్ళు. ఒకాయన ఎడ్ల అళగిరి, ఇంకొకాయన పొట్టి అళగిరి, మూడో ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళో ఇక్కడ రాయడం మర్యాద కాదు. మా నాయిన బయాస్ అళగిరి. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషికి ఒక ఇంగ్లీషు మాట ఎలా అతుక్కుందో, మళ్ళీ ఎందుకు ఊడిపోయిందో రాద్దామని కూర్చున్నాను. నాయిన మంచివాడు. రాజపాళయంలో ఎవర్నడిగినా అదే చెప్తారు, నేనూ అదే చెప్తాను. కానీ ఆ మంచివాడు చావడిలో పదిమంది ముందు ఒక అబద్ధం ఆడాడు. ఆ అబద్ధంతో సంగిలి అనే ఎముకల వైద్యుడు బతికుండగానే పనికిరానివాడైపోయాడు. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి నాయినకు ఐదేళ్ళు పట్టింది. అది కూడా తనంతట తాను తీసుకోలేదు. మంచివాడన్న నోటితోనే ఇదీ చెప్పకపోతే నేనూ అబద్ధాలకోరునే అవుతాను.

నా ఎడమ చెయ్యి మోచేతి కింద వంకర. చెయ్యి చాపితే అరచెయ్యి ఒక పక్కకు పోతుంది. కుండ చంకన పెట్టుకోవడం కుదరదు, నెత్తిన పెట్టుకుంటాను. జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈ చెయ్యి సంగతి చెప్తేగాని నాయిన సంగతి అర్థం కాదు కాబట్టి చెప్తున్నాను.

మా వాళ్ళు నాయకరాజుల కాలంలో తెలుగుసీమ నుంచి ఇటు అరవదేశం వచ్చి నల్లరేగడిలో పత్తి వేసుకుని బతికినవాళ్ళు. నాయినకు నాగలి మీద మనసు నిలవలేదు. ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో సంవత్సరంలో మదురై పోయి, అక్కడొక మేస్త్రి దగ్గర కుట్టుపని నేర్చుకుని, మిషను ఒకటి బండి మీద వేసుకుని తిరిగొచ్చాడు. మా అవ్వ బొమ్మక్క ఆ మిషన్ను చూసి మూడు రోజులు అన్నం ముట్టలేదట. కొడుకు ఎద్దుల్ని అదిలించాల్సినవాడు, ఆడవాళ్ళ రవికెలు కొలుస్తాడా అని ఆమె బాధ. నాయిన పోయి పుదుపాళెంలో ఒక రాజుల ఇంటి అరుగు మీద మిషను దించుకుని కూర్చున్నాడు, అంతే.

నాయినకు పేరు తెచ్చింది కుట్టు కాదు, పీలికలు. టైలరు దగ్గరికి గుడ్డ పోతే సగం మాయమవుతుందని అప్పుడూ ఇప్పుడూ అందరికీ తెలుసు. నాయిన మాత్రం చొక్కా కుట్టిచ్చేటప్పుడు మిగిలిన పీలికలన్నీ, వేలెడంతవి కూడా, మూటగట్టి చొక్కాతో పాటే ఇచ్చేవాడు. యుద్ధం వచ్చి గుడ్డకు కంట్రోలు పెట్టి, ధోవతి కోసం జనం క్యూలో నిలబడే రోజుల్లో ఆ మూట విలువ ఎంతో ఆలోచించండి. గుడ్డ విషయంలో ఎవరికైనా తగాదా వస్తే నాయినను పిలిచి అడిగేవాళ్ళు. ఇది మిల్లు గుడ్డా, మగ్గం గుడ్డా, చింపిందా, చిరిగిందా, అన్నీ చేత్తో తడిమి చెప్పేవాడు. ఆయన చెప్పాక ఇంకో మాట ఉండేది కాదు.

నలభై మూడులో ఆ అరుగున్న ఇంటి కోడలు రంగనాయకమ్మగారు, యుద్ధంలో దెబ్బలు తిన్నవాళ్ళ కోసం కట్టుగుడ్డలు తయారుచేసి పంపాలని వాళ్ళ హాల్లో ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. పెళ్ళికి ముందు ఆమె మద్రాసులో నర్సు చదువు సగం చదివింది. కత్తిరించడానికి నాయినను లోపలికి పిలిచింది. నాయిన వెనక నేనూ పోయాను. ఆమె గుడ్డ ముక్కను నిలువునా పట్టి లాగింది, కదల్లేదు. అడ్డంగా లాగింది, కదలీ కదలనట్టు కదిలింది. ఐమూలగా పట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు లాగింది. గుడ్డ రబ్బరు ముక్కలా సాగింది. ఇలా ఐమూలగా కత్తిరించిన పట్టీ మోకాలికి కట్టినా మోచేతికి కట్టినా ఒంటితో పాటు సాగుతుంది, కోసుకుపోదు అని చెప్పింది. దీన్ని ఇంగ్లీషులో బయాస్ అంటారంది.

నాయినకు ఆ పని ముందే తెలుసు. రవికె మెడకు పట్టీ వెయ్యాలంటే ఐమూలగానే కత్తిరించాలి, లేకపోతే మెడ చుట్టూ తిరగదు. ఆ పనికి పేరు ఉందని మాత్రం తెలియదు. ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. రంగనాయకమ్మగారు మామగారి బీరువాలోంచి లావుపాటి డిక్షనరీ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి చెప్పింది. ఆ మాట ఇంగ్లీషువాళ్ళది కాదట, నాలుగువందల ఏళ్ళ కింద ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నారట. ఫ్రెంచివాళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ గట్టిగా తెలియదట. ఏటవాలు అని దాని అర్థం. గుడ్డను ఏటవాలుగా కొయ్యడానికి వాడారు. తర్వాత పచ్చిక మీద బంతి దొర్లించే ఒక ఆటలోకి వచ్చింది. ఆ ఆటలో బంతికి కావాలనే ఒక పక్క బరువు ఎక్కువ ఉండేలా చేస్తారు. వదిలినప్పుడు తిన్నగానే పోతుంది, పోనుపోను ఒక పక్కకు తిరుగుతుంది. అక్కణ్ణుంచి మనిషి మనసుకు పాకింది. తీర్పు చెప్పేవాడి మనసు లోపల్లోపల ఒక పక్కకు ఒరిగి ఉంటే దానికీ అదే మాట అన్నారట.

నాయినకు బంతి కథ తెగ నచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి అవ్వకు చెప్పాడు, వీధిలో చెప్పాడు, గుడ్డ తెచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మూడో అర్థం మాత్రం ఎవరికీ చెప్పినట్టు నాకు గుర్తులేదు. నెల తిరిగేసరికి ఆయన బయాస్ అళగిరి అయ్యాడు. ఆ పేరుకు పొంగిపోయాడు కూడా.

ఆ హాల్లోనే ఆయన ఇంకొకటి చూశాడు. మిల్లులో పనిచేసే ఒకతను చేతికి దెబ్బ తగిలి, ఎవరో తిన్నగా కోసిన గుడ్డతో బిగించి కట్టగా వేళ్ళు నల్లబడి వచ్చాడు. రంగనాయకమ్మగారు ఆ కట్టు కోసేసి, గాయం కడిగి, ఐమూల పట్టీతో వదులుగా కట్టింది. వారానికి వేళ్ళు రంగు తేలాయి. నాయిన ఆ నల్లటి వేళ్ళను మరచిపోలేకపోయాడు. అన్నం తింటూ తింటూ నా వేళ్ళు పట్టుకుని చూసేవాడు.

నలభై నాలుగు మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, నాకు పదేళ్ళప్పుడు, సేత్తూరు చేలనుంచి వస్తున్న పత్తి బండి మీదనుంచి పడ్డాను. బోరాల పైకెక్కి కూర్చోవద్దని అవ్వ వందసార్లు చెప్పింది, నేను వందసార్లూ ఎక్కాను. మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయి.

సంగిలిని పిలుచుకొచ్చారు. సేత్తూరు రోడ్డులో ఉండేవాడు. తాతల నాటి నుంచి ఎముకలు కట్టే ఇల్లు వాళ్ళది. తెలుగూ అరవమూ కలిపి మాట్లాడేవాడు. పెద్ద చేతులు, చిన్న గొంతు. నా చెయ్యి పట్టుకుని, నాతో కబుర్లాడుతూనే లాగి ఎముకను ఎముకకు చేర్చాడు. నేను పెట్టిన కేక మూడు వీధులకు వినిపించిందని ఇప్పటికీ చెప్తారు. పట్టు వదలకుండానే నాయినతో అన్నాడు.

"తంబీ, పాప వాళ్ళమ్మ కట్టి పాతబడిన చీర తెచ్చి చించు. చేత్తోనే చించాల. తుణికి, గుడ్డకి, కత్తిరి తగలగూడదు. ఇనుము తగిలిన తుణితో కట్టినామంటే కట్టు నిలవదు. మా తాత చెప్పిన మాట."

మా అమ్మ నాకు నాలుగేళ్ళప్పుడే పోయింది. ఆమెవి రెండు చీరలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాయిన నీలం గళ్ళ చీర తీసుకుని లోపలి గదిలోకి పోయాడు. కట్టు బిగుసుకోవడానికి పెరట్లో అవ్వ మినప్పిండి, కోడిగుడ్డు సొన కలుపుతోంది. నాయిన పట్టీలు తెచ్చి నేరుగా ఆ పిండిలో ముంచాడు. పిండి కారుతున్న పట్టీలు తెచ్చి సంగిలికి ఇచ్చాడు. సంగిలి వెదురు బద్దలు పెట్టి, పట్టీ చుట్టి, పదిహేను రోజుల దాకా విప్పకూడదని చెప్పి పోయాడు. రోజు విడిచి రోజు వచ్చి నా వేళ్ళు నొక్కి చూసి, బాగున్నాయని తల ఊపేవాడు. వేళ్ళు బాగానే ఉన్నాయి. నల్లబడలేదు.

పదిహేనో రోజు కట్టు విప్పితే లోపల చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది.

సంగిలి తల వంచి ఆ వంకరనే చూశాడు. తర్వాత, తుణికి ఇనుము తగిలిందా తంబీ అని మెల్లగా అడిగాడు. లేదు అన్నాడు నాయిన. అవ్వ ఊరుకునే మనిషి కాదు. తల్లిలేని పిల్ల చెయ్యి పాడుచేశాడని వీధిలో నిలబడి దుమ్మెత్తిపోసింది. సంగతి చావడికి పోయింది. పెద్దమనిషి దురైసామి ఇద్దర్నీ పిలిపించాడు. నన్నూ తీసుకుపోయి, చెయ్యి చాపించి అందరికీ చూపించారు. సంగిలి తన వంతు వచ్చినప్పుడు, నేను ఎప్పుడూ కట్టినట్టే కట్టాను, ఒక్క గుడ్డ సంగతి అడగండి అన్నాడు. దురైసామి నాయినను అడిగాడు.

"కత్తిరి ముట్టలేదు," అన్నాడు నాయిన. "చేత్తోనే చించినాను."

ప్రమాణం చెయ్యమని కూడా ఎవరూ అడగలేదు. గుడ్డ సంగతి బయాస్ అళగిరి చెప్పాక ఇంకేముంది. పీలికలు తిరిగిచ్చే మనిషి. తప్పు సంగిలి చేతిదేనని చావడి నిర్ణయించింది. దండన ఏమీ వెయ్యలేదు, ఎముక విరిగితే ఆయన్ని పిలవొద్దని మాత్రం అన్నారు. సంగిలి నాయిన మొహం చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, పైపంచ దులిపి భుజాన వేసుకుని పోయాడు.

ఆ తర్వాత ఆయన జిన్నింగు ఫ్యాక్టరీలో బేళ్ళు మోసే పనికి పోయాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఒకసారి ఫ్యాక్టరీ గేటు ముందు నన్ను చూసి ఆగాడు. ఒంటినిండా దూది. చెయ్యి ఒకసారి చూపించు పాపా అన్నాడు. నేను చెయ్యి వెనక దాచుకుని, నువ్వు ముట్టింది చాలదా అన్నాను. పన్నెండేళ్ళ పిల్లను. ఆ మాటకు అప్పట్లో నా భుజం నేనే తట్టుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నోరు నాదేనా అనిపిస్తుంది.

నాయిన ఆ రోజుల్లో ఎలా ఉన్నాడని అడిగితే, ఎప్పటిలాగే ఉన్నాడనే చెప్పాలి. కుట్టేవాడు, పీలికలు మూటగట్టేవాడు. సేత్తూరు రోడ్డులో మాత్రం నడిచేవాడు కాదు, ఎంత చుట్టయినా ఇంకో దారిన పోయేవాడు. ఒక దీపావళికి కొలత లేకుండానే సంగిలికి చొక్కా కుట్టి, ఎవరి చేతో పంపాడు. అవ్వ తిట్టింది. నేను మా నాయిన ఎంత పెద్దమనసున్నవాడో అనుకున్నాను. నాకు పద్నాలుగేళ్ళు రాగానే మిషను ముందు కూర్చోబెట్టి పని నేర్పాడు. వంకర చేత్తో గుడ్డ నడపడం కష్టమే, అయినా విసుక్కోకుండా నేర్పాడు. మొదటి పాఠం చింపడం. నిలువునా చిరుగుతుంది, అడ్డంగా చిరుగుతుంది, ఐమూలగా ఎంత లాగినా చిరగదు, సాగుతుంది. ఐమూలకు కత్తెర కావాల్సిందే అని ఆయనే చెప్పాడు. ఆ మాట చెప్తూ ఆగి, మంచినీళ్ళు తాగాడు. అప్పుడు నేను గమనించలేదు.

నలభై తొమ్మిదిలో అవ్వ పోయింది. పదహారో రోజు అయ్యాక ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక చిన్న మూట దొరికింది. కోడలి చీర కదా, పారెయ్యడానికి చేతులు రాక, నా చేతికి కట్టిన పట్టీల్ని అవ్వ ఉతికి దాచిపెట్టింది. చూపు ఆనని మనిషి, ఏం ఉతికిందో ఆమెకు తెలియదు.

నీలం గళ్ళ చీర అని చెప్పాను కదా. చేత్తో చింపిన పట్టీ అయితే గళ్ళు తిన్నగా వరసలో ఉండాలి. అప్పుడు పిండి కింద కనబడలేదు, ఇప్పుడు నా చేతిలో ఉన్న పట్టీల మీద గళ్ళన్నీ మూలల మీద నిలబడి ఉన్నాయి. అంచున పీచు లేదు, కత్తెర నున్నగా కోసుకుంటూ పోయిన అంచు. రెండు కొసలూ పట్టుకుని లాగాను. సాగింది. అమ్మ పోయి పదకొండేళ్ళయినా ఆ గుడ్డ అంత బాగా సాగింది. అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. గుడ్డ చించితే చప్పుడవుతుంది. ఆ రోజు లోపలి గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. నా ఏడుపులో అది ఎవరికీ పట్టలేదు.

నేరుగా రంగనాయకమ్మగారి దగ్గరికి పోయి, ఐమూల పట్టీతో విరిగిన ఎముకకు కట్టు కట్టవచ్చా అని అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. వాపుకు, గాయానికి, కీళ్ళకు అయితే మంచిది, విరిగిన ఎముకకు పనికిరాదు, ఎముకను కదలనివ్వకుండా పట్టుకోవాలి, ఇది సాగి బద్దల్ని జారనిస్తుంది అని చెప్పింది. అప్పుడు మా నాయినకు ఈ మాట చెప్పారా అంటే, ఆయన అడగలేదమ్మా అంది.

నాయిన అరుగు మీద కుడుతున్నాడు. పట్టీని మిషను పళ్ళెం మీద, సూది ముందు పెట్టాను. ఆయన కాలు ఆగిపోయింది. ఆ గళ్ళ మీద వేలు పెట్టాడు.

"నీ వేళ్ళు నల్లబడతాయని భయపడినాను," అన్నాడు. "మెత్తగా ఉంటాదని కోసినాను. వాళ్ళ తాత మాట ఉత్త మూఢనమ్మకం అనుకున్నాను."

"అది సరి. చావడిలో ఎందుకు అబద్ధం చెప్పినావు నాయినా?"

మొదటిసారి సంగిలి అడిగినప్పుడు లేదని నోరు జారిందట. రెండోసారి ఆ మొదటి మాటను నిలబెట్టుకోవడానికి చెప్పాడట. గుడ్డ విషయంలో తన మాట పోతే ఇక తన దగ్గరికి గుడ్డ తెచ్చేదెవరు, నిన్ను ఎలా పెంచాలి అని ఆయన ప్రశ్న. ఇవన్నీ తల వంచుకునే చెప్పాడు. నాకు ఆయన మీద అంత కోపం ముందెన్నడూ రాలేదు, తర్వాత ఎన్నడూ రాలేదు. నా చెయ్యి పోయినందుకు కాదు. భయంతో, ప్రేమతో చేసిన పనికి నేనేమనగలను. ఐదేళ్ళు నేను ఒక నిరపరాధిని అసహ్యించుకునేలా చేసినందుకు. రంగనాయకమ్మగారు చెప్పిన బంతి గుర్తొచ్చింది. ఆయన మాట తిన్నగానే పోయినట్టు కనిపించింది, లోపల బరువంతా ఒక పక్కనే ఉంది. ఆ బరువు నేనే. అది తెలిశాక కోపంలోనే ఏడుపొచ్చింది.

నేను సంగిలి ఇంటికి పోతున్నానని, వస్తే రమ్మని, రాకపోతే నేనే చెప్తానని అన్నాను. నాయిన లేచాడు. మెడలో టేపు తియ్యడం కూడా మరచిపోయి నా వెనకే నడిచాడు. ఐదేళ్ళ తర్వాత ఆయన సేత్తూరు రోడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

సంగిలి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నడుం పట్టేసి ఆ నెల పనికి పోవడం లేదు. ఒంటి మీద నాయిన పంపిన దీపావళి చొక్కా, భుజాల దగ్గర పిగిలిపోయి ఉంది. లోపల మూలన ఆయన భార్య ఇసక్కియమ్మాళ్ గోడకు ఆనుకుని, ఒక కాలు చాపి కూర్చుంది. కాలు మోకాలి కింద ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. నాయిన పట్టీని సంగిలి చేతిలో పెట్టి, పక్కన కింద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. దాచుకోలేదు, సర్దుకోలేదు. సంగిలి వింటూ పట్టీ అంచును బొటనవేలితో ఈ కొసనుంచి ఆ కొసకు తడుముతూ ఉన్నాడు.

తిడతాడనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, చెయ్యి ఇయ్యి పాపా అన్నాడు. ఇచ్చాను. కళ్ళు మూసుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా ఎముక వెంబడే వేళ్ళు నడిపించాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ జారింది," అన్నాడు. "నేను చేర్చింది సరిగానే చేర్చినాను. కట్టు సాగి జారింది. నా చెయ్యి కాదు."

మళ్ళీ అదే మాట తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ తర్వాత నాయినతో మాట్లాడాడు.

"నువ్వు చావడిలో చెప్పినప్పుడు నేనూ నమ్మినాను తంబీ. తుణి సంగతి నీకు తెలియదా. అప్పుడు తప్పు నా చేతిదే అయుండాల అనుకున్నాను. ఊరు పిలవకపోతే పోనీ, నాకే నా చెయ్యి మీద నమ్మకం పోయింది. తళవాయిపురం నుంచి ఒకరిద్దరు తెలియక వచ్చినారు, పొమ్మన్నాను. పోయినేడు మా ఇంటిది బావిగట్టున జారి పడింది. కట్టు కట్టయ్యా అని ఏడిచింది. భయం. నేను ముట్టలేదు. ఎముక దానంతట అదే అతుక్కుంది."

లేచి గోడ పట్టుకుంటూ లోపలికి పోయి, భార్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె వంకర కాలిని ఒళ్ళో పెట్టుకుని మోకాలి కింద మెల్లగా తడిమాడు. ఇసక్కియమ్మాళ్ ఆయన చేతుల్నే చూస్తోంది.

"నేను కట్టింటే ఇది నడిచుండేది," అన్నాడు.

నాయిన గుమ్మంలోనే కూర్చుని ఏడిచాడు. ఎవరూ ఊరుకోమనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు చావడిలో ఆయన లేచి నిలబడి, పట్టీని దురైసామి ముందు పెట్టి, కత్తెర పెట్టింది నేనే, అబద్ధం చెప్పింది నేనే అన్నాడు. ఆ వారంలోనే అరుగు మీదున్న గుడ్డల్లో సగం కుట్టకుండానే వెనక్కి పోయాయి. పీలికలు ఎన్ని మూటలు కట్టిచ్చినా ఇక ఎవరూ నమ్మలేదు. బయాస్ అళగిరి అని పిలవడం మానేశారు. అవసరం పడితే ఆ టైలరు అనేవాళ్ళు. మేము తిన్నది ఒకపూటే అయినా నాయిన అంతకు ముందుకన్నా బాగా నిద్రపోయాడు, అది నేను చూశాను.

రెండు నెలలకు తాటిచెట్టు మీదనుంచి పడిన ఒకతన్ని తళవాయిపురం నుంచి మంచం మీద మోసుకొచ్చి సంగిలి ఇంటి ముందు దించారు. ముట్టనంటాడేమో అనుకున్నారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, ఒకే షరతు పెట్టాడు. అళగిరిని పిలుచుకు రండి, తుణి ఆయనే చించాల, అందరూ చూస్తుండగా చించాల.

నాయిన పోయాడు. గుమ్మం ముందు, వీధి వీధంతా చూస్తుండగా, పాత చీర అంచు పళ్ళతో కొరికి పట్టు చేసుకుని, రెండు చేతులతో నిలువునా చించాడు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఆనాటి నుంచి సంగిలి కట్టిన ప్రతి కట్టుకూ గుడ్డ చించింది మా నాయినే. కబురు వస్తే చేతిలో పని వదిలేసి, కత్తెర మిషను మీదే పెట్టి పోయేవాడు. సంగిలి ఆయనతో మాట్లాడేవాడు, మంచినీళ్ళు ఇచ్చేవాడు, తంబీ అనే పిలిచేవాడు.

ఇసక్కియమ్మాళ్ మాత్రం ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. లోపలి మూలన గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుని, గుడ్డ చిరిగి రెండయ్యేదాకా మా నాయిన చేతుల వైపే చూసేది.